పటం వెనక పేరు

(రాజమండ్రిలో తండ్రి కాలం నాటి ఫోటో స్టూడియో నడుపుతున్న ఒకాయన, 2027 పుష్కరాల నాటికి గోదావరి జిల్లాల పాత ఫోటోలతో ఒక ప్రదర్శన పెట్టాలనుకున్నాడు. ముందుమాట రాసిమ్మని హైస్కూల్లో తనకు చరిత్ర చెప్పిన మాస్టారిని అడిగాడు. మాస్టారు రాయనన్నారు. ఆ మాట మీద ఇద్దరి మధ్యా సాగిన వాదం ఇది.)

మాస్టారు: రాయనన్నది నీ మీద కోపంతో కాదయ్యా. నువ్వు పోగుచేసినవన్నీ తిరగేశాను, బాగున్నాయి. గోడ మీద "మన ఊళ్ళ చరిత్ర" అని బోర్డు కడతానన్నావు చూడు, అక్కడే నాకు పేచీ. ఈ పటాల్లో ఉన్నది ఎవరు? జమీందార్లు, ప్లీడర్లు, మిషన్ బడి దొరసానులు, ఇంజనీర్లు. అంటే ఫోటోకు డబ్బు పెట్టగలిగినవాళ్ళు. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా నదికి అడ్డం కట్టారు. కట్టినవాళ్ళు వేలమంది కూలీలు. ఆనకట్ట కట్టించిన కాటన్ దొర విగ్రహం ఊరూరా ఉంది. ఆయన దగ్గర పని నడిపించిన వీణెం వీరన్న పేరైనా మిగిలింది. ఆ రాళ్ళు మోసినవాళ్ళలో ఒక్కరి ముఖం నాకు చూపించు.

ఫోటోగ్రాఫరు: చూపించలేనండి. అప్పటికి ఫోటో విద్య పుట్టి ఎన్నాళ్ళో కాలేదు. 1839లో పారిస్‌లో దాన్ని లోకానికి ప్రకటించారు. అదే ఏడాది నవంబరులో మనకు కోరంగి ఉప్పెన వచ్చింది. ఓడలు కట్టే రేవు, అంత పేరున్న ఊరు ఊడ్చుకుపోయింది. ఆ ఊరి వీధి ఎలా ఉండేదో, ఓడ ఎక్కడ నిలబెట్టి కట్టేవారో ఇవాళ మన కళ్ళకు కట్టదు. ఫోటో లేని ఊరికి ఏమవుతుందో కోరంగే సాక్ష్యమండి. ఇక డబ్బున్నవాళ్ళ మాటంటారా, మీరు నమ్మే శాసనాలు మాత్రం ఎవరివండి? దానం ఇచ్చిన రాజు పేరుంటుంది, పుచ్చుకున్నవారి గోత్రం ఉంటుంది, పొలం ఎల్లలుంటాయి. ఆ పొలం దున్నినవాడి పేరు ఎన్ని శాసనాల్లో చదివారు?

మాస్టారు: ఆ మాట ఒప్పుకుంటాను. కానీ శాసనం తన సంగతి తానే చెబుతుంది. ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, ఏ శకంలో, ఏ తిథినాడు, అన్నీ దాని మీదే ఉంటాయి. అందుకే 1922లో ఇదే రాజమండ్రిలో చిలుకూరి వీరభద్రరావుగారు, రాళ్ళబండి సుబ్బారావుగారు వంటివాళ్ళు ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పెట్టి రాళ్ళనూ రాగిరేకులనూ పట్టుకుని చరిత్ర నిర్మించగలిగారు. వాళ్ళకు నీ అట్టపెట్టెలో ఫోటోలిచ్చి రాయమంటే ఒక్క పేరా అయినా రాయగలిగేవారా? చిలకమర్తి లక్ష్మీనరసింహంగారిని తీసుకో. చిన్ననాటి నుంచీ రేచీకటి, చివరికి చూపు పూర్తిగా పోయింది. అయినా ఆయన స్వీయచరిత్ర చదివితే ఆనాటి ఊళ్ళు, నాటక సమాజాలు, బళ్ళు, మనుషుల మాటతీరు అన్నీ తెలుస్తాయి. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి "అనుభవాలూ జ్ఞాపకాలూను" కూడా అంతే. 1907లో జాతీయోద్యమ నాయకుడు బిపిన్ చంద్రపాల్ ఇక్కడికొచ్చి ఉపన్యాసాలిచ్చినప్పుడు చిలకమర్తి చెప్పిన పద్యం జనం నోట పాకి దేశమంతా తిరిగింది. దానికి ఏ కెమెరా కావాల్సి వచ్చింది?

ఫోటోగ్రాఫరు: రాసినవాళ్ళు తమకు ముఖ్యమనిపించింది రాస్తారండి. ఫోటోలో ముఖ్యం కాదనుకున్నది కూడా పడిపోతుంది. దాని విలువంతా అక్కడే ఉంది. మా నాన్నగారు తీసిన పెళ్ళి గ్రూపు చూడండి. తీయించుకున్నది మధ్యలో కూర్చున్న పెద్దలు. నేను చూసేది అంచులు. వెనకాల తాటాకు పందిరి, పెట్రోమాక్స్ దీపం, స్తంభం పక్కన నీళ్ళ బిందెతో నిలబడ్డ పనిమనిషి, కాలవలో ఆగిన పడవ. కాలవ రేవులో పెళ్ళివారి పడవ ఆగేదన్న సంగతి ఎవరూ పుస్తకంలో రాసుకోలేదు, అది అందరికీ తెలిసిన విషయమనుకున్నారు. కాలవల మీద ప్రయాణాలు పోయాయి. మండువా లోగిళ్ళు పడగొట్టి అపార్టుమెంట్లు కట్టేశారు. తెలిసినవాళ్ళు వెళ్ళిపోయాక మిగిలేది ఈ అంచులే.

మాస్టారు: ఆ నీళ్ళ బిందె పట్టుకున్న ఆమె పేరేమిటి?

ఫోటోగ్రాఫరు: తెలియదండి.

మాస్టారు: మధ్యలో కూర్చున్న పెద్దల పేర్లు?

ఫోటోగ్రాఫరు: అట్ట కింద వరసగా రాసున్నాయండి.

మాస్టారు: నా వాదన అంతా అదేనయ్యా. నువ్వు ఆమెను చూపిస్తున్నావు గాని, ఆమెకు చరిత్రలో చోటు ఇవ్వలేదు. పేరు లేకుండా గోడకు తగిలిస్తే ఆవిడ అక్కడ కూడా పందిరి స్తంభంతో సమానమే. వచ్చినవాళ్ళు "పాతకాలం ఎంత బాగుండేదో" అనుకుంటూ పోతారు. బిందె మోసినామెకు ఆ కాలం బాగుందో లేదో అడిగేవాడుండడు.

ఫోటోగ్రాఫరు: బాధ కలిగించే మాటే అన్నారు, నిజమే. కానీ బీదవాళ్ళ ఫోటోలు అసలు లేవనకండి. మా స్టూడియోకి వచ్చే పాత పటాల్లో చాలావాటికి రెండే పుట్టుకలు. ఒకటి, మనిషి పోయాక తీసింది. ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని భయపడ్డవాళ్ళు, ఆడవాళ్ళ ఫోటో బయటికి పోకూడదనుకున్నవాళ్ళు, డబ్బుల్లేనివాళ్ళు, వీళ్ళందరికీ జీవితంలో ఒక్కటే ఫోటో, అదీ కళ్ళు మూసుకున్నాక. రెండోది సర్కారు కార్డు కోసం తీసింది. 1993లో ఎన్నికల సంఘం ఓటరు గుర్తింపు కార్డులకు ఉత్తర్వులిచ్చింది. ఆ తరవాత ఊరూరా కూలీలనూ ముసలమ్మలనూ వరసగా కూర్చోబెట్టి ఫోటోలు తీశారు. అమ్మ పోయాక ఆ కార్డు తెచ్చి, "ఇదొక్కటే ఉందండి, పెద్దది చేసి కట్టివ్వండి" అని అడిగినవాళ్ళు మా స్టూడియోలో ఎంతమందో. కార్డు మీద పేరుంది, ఊరుంది, ఇంటి నంబరుంది. మీకు కావాల్సినవన్నీ ఉన్న ఫోటో అదేనండి. జమీందారు పటానికి కూడా అంత వివరం లేదు.

మాస్టారు: ఈ సంగతి నాకు తట్టలేదు. బాగా చెప్పావు. ప్రదర్శనలో అవి పెడతావా మరి?

ఫోటోగ్రాఫరు: ఇంటివాళ్ళు ఒప్పుకుంటే మొదటి గోడ వాటిదేనండి.

మాస్టారు: ఒప్పుకోకపోతే పెట్టకూడదు, అదీ రాసుకో. ఇప్పుడు నా రెండో అభ్యంతరం విను. ఫోటో అబద్ధం చెప్పదంటారు. ఫోటోకు చెప్పే నోరు ఎక్కడుందయ్యా? పక్కన నిలబడి మనం చెప్పిందే అది చెప్పినట్టవుతుంది. నీ పెట్టెలో వరద ఫోటో ఒకటుంది. వీధిలో నడుములోతు నీళ్ళు, నెత్తిన మూటలతో జనం. వెనక "1986" అని బాల్‌పెన్నుతో కొత్తగా ఎవరో రాశారు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి పోయింది, అది మనకు తెలిసిన అతి పెద్ద వరద. కాబట్టి పాత వరద ఫోటో ఏది దొరికినా జనం దానికి 1986 అనే పేరే పెట్టేస్తారు. 2006లో రాలేదా వరద? 2022లో రాలేదా? అంతకు ముందు 1953లో రాలేదా? తప్పు సంవత్సరంతో ఉన్న వరద ఫోటో, అసలు ఫోటో లేకపోవడం కన్నా చెడ్డది. రేపు ఎవరో దాన్ని చూసి "అప్పుడు ఈ వీధిదాకానే వచ్చింది" అని నమ్మి లంకలో ఇల్లు కట్టుకుంటారు.

ఫోటోగ్రాఫరు: అందుకే ఫోటోను చదవడం నేర్చుకోవాలండి. రాజమండ్రి దగ్గర గోదావరి ఫోటో ఏదైనా ఇవ్వండి, వంతెనలు చూసి కాలం చెబుతాను. హేవలాక్ వంతెన పని 1897లో మొదలైంది, 1900లో రైలు నడిచింది. ఆ 56 స్పాన్ల వంతెన ఒక్కటే ఉంటే 1900కి ఇటు, 1970లకు అటు. పైన రోడ్డు, కింద రైలు ఉన్న వంతెన కూడా కనిపిస్తే 1974 దాటినట్టు. కమానుల వంతెన పూర్తయి ఉంటే 1997కి తరవాత. నాలుగో వంతెన ఉంటే 2015 నుంచి ఇటు. ధవళేశ్వరంలో తక్కువ ఎత్తున పాత ఆనకట్ట గోడ ఒక్కటే ఉందా, గేట్లతో కొత్త బ్యారేజీ లేచిందా అన్నది చూస్తే 1970లకు ముందో, 1982 తరవాతో తేలుతుంది. కోటిపల్లిలో రైలు కనబడితే రెండే వీలు: 1928లో లైను పడ్డాక, 1940లో యుద్ధం కోసం పట్టాలు పీక్కుపోయేలోపు, లేదంటే 2004లో మళ్ళీ వేశాక. వరద ఫోటోలో కూడా కరెంటు స్తంభం, గోడమీది సినిమా పోస్టరు, రిక్షా టాపు, ఏదో ఒకటి పట్టిస్తుంది.

మాస్టారు: నువ్వు చెప్పిన ఈ ఏళ్ళన్నీ ఎక్కడివి? కాగితాల్లోవే కదా! వంతెన ఎప్పుడు కట్టారో ఎవరూ రాసిపెట్టకపోతే నీ ఫోటోకు వయసు ఎలా కడతావు?

ఫోటోగ్రాఫరు: కట్టలేనండి. కానీ కాగితం కూడా బొమ్మ లేకుండా ఎంతదూరం వెళ్తుందో చెప్పండి. మీరే మాకు క్లాసులో చెప్పారు. స్కాట్లండ్‌లో స్టోర్నోవే అనే చిన్న ఊళ్ళో పుట్టిన కాలిన్ మెకంజీ ఇక్కడికి సర్వే ఉద్యోగంలో వచ్చాడు. మన ఏలూరు నుంచి కావలి వెంకట బొర్రయ్య, ఆయన తమ్ముళ్ళు మెకంజీకి తోడయ్యారు. ఊరూరా తిరిగి కరణాల చేత, పెద్దల చేత ఊరి కథ చెప్పించి కైఫీయత్తులు రాయించారు.

మాస్టారు: అవును. స్థానిక చరిత్ర అంటే అది! ఊరివాడి నోటి మాట, ఊరి పేరుతో సహా.

ఫోటోగ్రాఫరు: ఆయ్. అదే మెకంజీ తన వెంట చిత్రకారులను కూడా తిప్పాడండి. అమరావతి స్తూపం రాళ్ళ బొమ్మలు వేయించాడు. ఆ తరవాత రాళ్ళు కొన్ని ముక్కలై చెదిరిపోయాయి, కొన్ని పూర్తిగా పోయాయి. ఆ పోయినవి ఎలా ఉండేవో ఇవాళ తెలిసేది బొమ్మల వల్లే. ఆ పనిలో రాతగాడూ బొమ్మ వేసేవాడూ కలిసి నడిచారు. మనమెందుకు విడదీస్తున్నాం?

మాస్టారు: విడదీసింది నువ్వు! పటం పట్టుకొచ్చావు, కైఫీయత్తు తేలేదు.

ఫోటోగ్రాఫరు: ఇంకో సంగతి చెబుతాను, వినండి. అదే స్కాట్లండ్‌లో గ్లాస్గో అని పెద్ద పట్టణం. 1866లో అక్కడ పాతబస్తీని పడగొట్టి వీధులు వెడల్పు చేయాలని చట్టం తెచ్చారు. పడగొట్టే ముందు ఆ సందులను ఫోటో తీయమని థామస్ అన్నన్ అనే ఫోటోగ్రాఫరుకు పని అప్పగించారు. 1868 నుంచి 1871 దాకా తీశాడు. చీకటి సందులు, గోడ నుంచి గోడకు ఆరేసిన బట్టలు, తడి రాళ్ళు. ఇళ్ళు కూలిపోయాయి, ఫోటోలు ఉన్నాయి. అబర్డీన్‌లో విల్సన్, డండీలో వాలెంటైన్ అనేవాళ్ళు వ్యాపారానికి తీసిన ఊళ్ళ ఫోటోలను కూడా అక్కడి విశ్వవిద్యాలయాలు దాచాయి. చిన్న చిన్న ఊళ్ళవాళ్ళు కూడా తమ బజారు నూరేళ్ళ కింద ఎలా ఉండేదో చూసుకోగలుగుతున్నారు. మనకు ఆ పాటి పట్టింపు ఉండొద్దా?

మాస్టారు: అన్నన్ ఫోటోల పేర్లు చూశావా? "హైస్ట్రీట్, 118 నంబరు సందు" ఇలా ఉంటాయి. నంబరుంది కాబట్టే ఇవాళ మ్యాపు మీద వేలు పెట్టి చూపగలుగుతున్నారు. లేకపోతే అదేదో చీకటి సందు, అంతే. మరి ఆ సందులో నిలబడ్డ పిల్లల పేర్లు? లేవు. ఆనాటి కెమెరాకు ఎక్కువసేపు కదలకుండా నిలబడాలి. కదిలినవాళ్ళు పొగలా చెరిగిపోయారు. సందుకు చిరునామా దక్కింది, మనుషులకు దక్కలేదు. అన్నన్ చేసినదాంట్లో సగం మనం నేర్చుకోవాలి, సగం దిద్దుకోవాలి.

ఫోటోగ్రాఫరు: దిద్దుకోవడానికి ముందు ఫోటోలంటూ మిగలాలి కదండీ! మీకు తెలుసో లేదో, గాజు ప్లేట్ల నెగిటివ్‌లు ఉండేవి. ఫిల్ము వచ్చాక వాటి పొర కడిగేసి ఆ గాజును పటాలు కట్టడానికి వాడేసిన స్టూడియోలున్నాయి. ఫిల్ము నెగిటివ్‌లను వెండి కోసం తూకానికి అమ్మేశారు. మిగిలినవాటికి మన నేల సంగతి తెలిసిందే. అటు గోదావరి, ఇటు సముద్రం. 1986 వరదలో, 1996 నవంబరు తుఫానులో కోనసీమలో ఎన్ని ఇళ్ళు పోయాయి, ఎన్ని ఆల్బములు పోయాయి! ప్రాణాలు పోయినచోట ఆల్బముల లెక్క ఎవరడుగుతారు? ఏమీ కాకపోయినా ఈ చెమ్మకు బూజు పడుతుంది, చెదలు తింటాయి. అందుకే నాకు తొందరండి. ముందు పోగుచేద్దాం, పేర్లు తరవాత చూసుకుందాం.

మాస్టారు: అక్కడే పొరబడుతున్నావు. ఫోటో పాడవడానికి ఏళ్ళు పడుతుంది. అందులో ఎవరున్నారో చెప్పగల మనిషి ఈ చలికాలం దాటకపోవచ్చు. నీ దగ్గరున్న కాగితం ఇంకో తరం ఆగుతుంది, తొంభై ఏళ్ళ పెద్దావిడ ఆగదు. తొందర పడాల్సింది అటువైపు. నువ్వు స్కానరు ముందు కూర్చున్న ప్రతి సాయంత్రం ఎవరో ఒకరు పేర్లన్నీ తమతో పట్టుకుపోతున్నారు.

ఫోటోగ్రాఫరు: ... నిజమేనండి. అలా ఆలోచించలేదు.

మాస్టారు: ఇంకోటి. నువ్వు పోయినవాటి కోసమే బాధపడుతున్నావు. పోతున్నవాటి సంగతి? పోలవరం ప్రాజెక్టు ముంపులో దేవీపట్నం మండలం ఊళ్ళు ఖాళీ అయ్యాయి. కొండరెడ్ల ఇళ్ళు, గుళ్ళు, సంత జరిగే చోటు, రేవు మెట్లు నీళ్ళలోకి వెళ్ళాయి. గ్లాస్గోలో పడగొట్టేముందు ఫోటోలు తీయించారన్నావు. మరి మనవాళ్ళ ఇళ్ళు ముంపులోకి వెళ్ళేముందు ఇంటింటికీ వెళ్ళి, ఇంటివాళ్ళను గుమ్మం ముందు నిలబెట్టి, పేరు అడిగి, తీసినవాళ్ళెవరు?

ఫోటోగ్రాఫరు: ఆ ఊళ్ళ కుర్రాళ్ళ ఫోన్లలో ఉన్నాయండి. కదిలొచ్చిన కాలనీల్లో చూశాను. ఫోను పాడైతే అవీ పోతాయి. పైన ముంపు మిగిలి ఉన్న ఊళ్ళు ఇంకా ఉన్నాయి. మీరు వస్తానంటే నేను కెమెరా పట్టుకొస్తాను, మీరు పుస్తకం పట్టుకోండి.

మాస్టారు: వస్తాను. ఆ పని చేస్తే ముందుమాట కూడా రాస్తాను. కానీ నాకు షరతులున్నాయి. ఏ పటం వెనకైనా ఐదు సంగతులుండాలి: ఎవరు, ఏ ఊరు, ఏ ఏడు, ఎవరు తీశారు, ఈ వివరం ఎవరు చెప్పారు. మెత్తటి పెన్సిలుతో రాయాలి. బాల్‌పెన్ను ఒత్తితే ముందువైపు ముఖం మీద గీత లేస్తుంది, సిరా అవతలికి దిగుతుంది. జిల్లా పేరు ఒక్కటే రాసి ఊరుకోకూడదు. 1925లో కృష్ణా జిల్లా నుంచి పశ్చిమ గోదావరి విడిపడింది, అప్పటిదాకా ఉన్న గోదావరి జిల్లా తూర్పు గోదావరి అయ్యింది. 2022లో ఆ రెండూ మళ్ళీ ముక్కలయ్యాయి. "తూర్పు గోదావరి" అంటే రేపటివాడికి కాకినాడో, అమలాపురమో, రాజమండ్రో తెలియదు. ఊరు రాయాలి, వీధి తెలిస్తే వీధి రాయాలి. ఏడు తెలియకపోతే "హేవలాక్ ఒక్కటే ఉన్నప్పుడు" అని రాసినా చాలు. ఊహను ఊహ అనే రాయాలి.

ఫోటోగ్రాఫరు: అన్నిటికీ ఒప్పుకున్నానండి. ఒక్కటి మాత్రం మీరు ఒప్పుకోవాలి. పేరు తెలియని ఫోటోలను పెట్టెలో దాచమంటే నేను వినను. వాటికి ఒక గోడ కేటాయిస్తాను. పైన "వీరెవరో మీకు తెలుసా?" అని రాసి, కింద పుస్తకం, పెన్సిలు పెడతాను. పుష్కరాలకు ఊళ్ళ నుంచి, వేరే దేశాల నుంచి వచ్చిన మన మనుషులు ఈ రేవుల్లోనే నిలబడతారు. 1979, 1991, 2003, 2015, ఇలా పన్నెండేళ్ళకోసారి ఒకే రేవులో తీసిన ఫోటోలు ఎన్ని ఇళ్ళల్లో ఉంటాయో! అమ్మమ్మను గుర్తుపట్టే మనవరాలు ఆ గుంపులో ఉండొచ్చు. దాచేస్తే ఆ అవకాశం కూడా ఉండదు.

మాస్టారు: ఒకరు చెప్పిందే తీసుకోకు. జ్ఞాపకం ప్రేమతో కూడా తప్పు చెబుతుంది. ఇద్దరు విడివిడిగా ఒకే మాట చెబితే పేరు రాయి. ఒక్కరే చెబితే వాళ్ళ పేరుతో సహా "అంటున్నారు" అని రాయి. అలా అయితే ఆ గోడకు నా అభ్యంతరం లేదు. బోర్డు మాత్రం మార్చాలి. "మన ఊళ్ళ చరిత్ర" కాదు, "మన ఊళ్ళ చరిత్రకు సాక్ష్యాలు". సాక్షిని విచారించాకే తీర్పు.

ఫోటోగ్రాఫరు: మారుస్తానండి. ఫోటో ఒక్కటే చరిత్ర కాదన్న మీ మాట నేను తీసుకున్నాను. రాత ఒక్కటే చాలదన్న నా మాట మీరు తీసుకోండి.

మాస్టారు: తీసుకున్నాను. ముందుమాటలో ఇదే రాస్తాను: ఈ ప్రదర్శన చూసి ఇంటికి వెళ్ళినవాళ్ళు బీరువా పైనున్న అట్టపెట్టె దించండి. ఇంట్లో అందరికన్నా పెద్దవారి పక్కన కూర్చుని ఒక్కో ఫోటో చేతికిచ్చి అడగండి. చెప్పింది చెప్పినట్టు వెనక పెన్సిలుతో రాయండి. రెండు వైపులా ఫోనుతో ఫోటో తీసి దాచుకోండి, ఇంకో కాపీ మీ ఊరి గ్రంథాలయానికి ఇవ్వండి. అంచున బిందె పట్టుకుని నిలబడ్డవాళ్ళ పేరు కూడా అడగండి, మధ్యలో కూర్చున్నవాళ్ళ కన్నా ముందు ఆ పేరే అడగండి. పుష్కరాలదాకా ఆగకండి, ఈ ఆదివారమే మొదలుపెట్టండి.